నుదుటి మీద స్టిక్కర్ లేకపోతే మధ్యలో మెలకువ వచ్చేస్తుందా?

"బిస్ మిషన్ పెట్టకుండా మత్తిస్తే కోత మధ్యలో మెలకువ వస్తుంది, ఆ మిషన్ లేని ఆసుపత్రిలో ఆపరేషన్‌కి ఒప్పుకోవద్దు." పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగు గ్రూపుల్లో తిరుగుతున్న ఈ ఆడియో విని మా పిన్ని గాల్ బ్లాడర్ రాళ్ల ఆపరేషన్ రెండుసార్లు వాయిదా వేసుకుంది. నొప్పి మాత్రం వాయిదా పడలేదు. బిస్ అంటే నుదుటి మీద స్టిక్కర్ అంటించి, మెదడు తరంగాలను బట్టి మత్తు ఎంత లోతుగా ఉందో 0 నుంచి 100 లోపు అంకెగా చూపించే మిషన్. నేను ఆపరేషన్ థియేటర్లో టెక్నీషియన్‌ని, ఆ స్టిక్కర్లు అంటించేది నేనే, అందుకే రాస్తున్నా.

ముందు అందులో చూపించే సాక్ష్యం సంగతి. సిజేరియన్‌లో బిడ్డ ఏడుపు వినిపించిందని ఒకావిడ భయంభయంగా చెబుతుంది, కానీ నడుముకి సూది వేశారని కూడా ఆవిడే చెబుతోంది కదా. ఆ పద్ధతిలో తల్లి మెలకువగానే ఉంటుంది, మొద్దుబారేది ఛాతీ కింద నుంచే. మత్తు ఫెయిలైనట్టు కాదు.

ఇక స్టిక్కర్ లేకపోతే మెలకువేనా? కాదు. గ్యాస్‌తో మత్తిచ్చినప్పుడు వదిలే ఊపిరిలో అది ఎంత ఉందో మానిటర్ చూపిస్తుంది, తగ్గితే అలారం మోగుతుంది. మెలకువ ప్రమాదం ఎక్కువున్న రోగుల మీదే పెద్ద అధ్యయనాలు జరిగాయి. 2004లో వచ్చినదాంట్లో బిస్ పెట్టినవాళ్లలో ఇద్దరికి, మామూలు పద్ధతిలో 11 మందికి మెలకువ వచ్చింది, అంటే మిషన్ వల్ల మేలుందనే. కానీ 2011లో దాన్ని ఈ గ్యాస్ అలారంతో పోల్చి దాదాపు 6,000 మందిలో చూస్తే బిస్ వైపు ఏడుగురు, గ్యాస్ వైపు ఇద్దరు. గ్యాస్ లేకుండా నరంలోకి మందు ఎక్కిస్తూ, కండరాలు కదలకుండా చేసే మందు కూడా వేస్తే మాత్రం నుదుటి స్టిక్కర్ ఉండటమే మంచిది, ఇది నేను గట్టిగా అంటాను.

ఆ ఆడియోలోనే ఉన్న "అంకె ఎంత తగ్గితే అంత క్షేమం" అన్నది మరీ ప్రమాదకరమైన మాట. 0 అంటే మెదడు తరంగాలు అసలు కనిపించకపోవడం. మనకు కావలసింది 40 నుంచి 60. ముసలివాళ్లకి మత్తు అవసరానికి మించితే బీపీ పడిపోతుంది. పైగా ఆ అంకె తప్పు కూడా చూపిస్తుంది: స్పిరిట్‌తో తుడిచి అంటించాక కనుబొమ్మలు ముడిస్తేనే గీతలు చెదిరిపోతాయి, కెటమిన్ అనే మత్తుమందు ఇస్తే మనిషి మత్తులో ఉన్నా అంకె పైకి పోతుంది. అందుకే మత్తు డాక్టర్ తల దగ్గర నుంచి కదలరు.

ఇంతకుముందెప్పుడైనా మత్తులో మెలకువ వచ్చి ఉంటే, రోజూ మద్యం తాగే అలవాటుంటే, నిద్రమాత్రలు వాడుతుంటే ఆపరేషన్‌కి ముందే దాచకుండా చెప్పండి. పిన్ని తన నిద్రమాత్రల సంగతి నిన్ననే చెప్పింది, పదేళ్లుగా వేసుకుంటోందట.