కాషాన్ గిన్నె గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ కాషాన్ మెరుపు గిన్నె గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగాలంటేనే కాస్త టెన్షన్. ఎన్ని ముక్కలకు విడివిడిగా అడగాలో తెలియడం లేదు.

నిన్న రాత్రి ఫోన్‌లో మీ ఫోటో రెండు వేళ్లతో సాగదీసి చూశాను. తేనె రంగు మెరుపు. బంగారమే అనుకున్నాను. తీరా చూస్తే మీరు ఇరాన్‌లోని కాషాన్ ఊళ్లో ఎనిమిది వందల ఏళ్ల కిందట తయారైన రోల్డ్ గోల్డ్! మా రోల్డ్ గోల్డ్ గాజుల మీదైనా పైపైన ఒక పొర అసలుది ఉంటుంది, మీకు అదీ లేదు. ఒకసారి కాలిన తెల్లటి గాజుపూత మీద వెండి, రాగి కలిపిన రంగుతో బొమ్మలేసి, మళ్లీ ఆవంలో పెట్టి పొగ పెట్టారు. ఆ పొగ పుణ్యమా అని వెండీ రాగీ పైన పల్చటి పొరగా నిలిచి ఇలా తళతళలాడుతున్నాయి.

పోనీ లోపలైనా మట్టేనా అంటే, అదీ అంతంతమాత్రమే. చైనా పింగాణీని చూసి వాత పెట్టుకోవాలని మీకు కోరిక, ఆ తెల్లమట్టి మీ దగ్గర లేదు. అందుకని పలుగురాయి పొడి 10 పాళ్లు, గాజు పొడి 1 పాలు, తెల్ల బంకమట్టి 1 పాలు కలిపారు. మట్టి పన్నెండో వంతు. పైన పటారం, లోన పలుగురాయి.

ఈ లెక్క నాకెలా తెలిసిందనా? ఇంటిగుట్టు లంకకు చేటు. మీ మెరుపు విద్యలో తరాలుగా పేరున్న అబూ తాహిర్ వంశంలో పుట్టిన అబుల్ ఖాసిం మహాశయుడు చేతికి మట్టి అంటించుకోకుండా, అప్పట్లో ఇరాన్‌ను ఏలుతున్న మంగోలుల కొలువులో చరిత్ర రాసుకునే ఉద్యోగంలో చేరాడు. చేరినవాడు ఊరుకోక, 1301లో ఇంటి రహస్యమంతా పుస్తకంలో పెట్టేశాడు. రెండో ఆవంలో సన్నటి పొగ మూడు పగళ్లు మూడు రాత్రులు, అంటే 72 గంటలు. చల్లారాక తడిమట్టితో రుద్దాలి, అప్పుడు బంగారు రంగు బయటికొస్తుంది. సరిగ్గా కాలినవి ఎర్ర బంగారంలా, సూర్యకాంతిలా మెరుస్తాయని కూడా రాశాడు. మూడు రోజులు పొగలో కళ్లు మండించుకున్నది మాత్రం ఇంకొకరు. తోడబుట్టిన యూసుఫ్ 1334లో కూడా మిహ్రాబ్ (ప్రార్థన దిక్కు చూపే గోడ గూడు) పలకలు కాలుస్తూనే ఉన్నాడు. ప్రతి ఇంట్లోనూ ఇలా ఒకడు పనిచేస్తాడు, ఒకడు దాని గురించి ఉపన్యాసమిస్తాడు.

ఇంతకీ ఆ అంచు చుట్టూ ఏడుపేమిటండీ? పండ్లో పలహారమో పెట్టుకునే గిన్నెకు విరహమెందుకు? ప్రియురాలు పలకలేదు, గుండె మండిపోతోంది అంటూ పారసీ పద్యాలు చుట్టూ తిరుగుతుంటాయి. గిన్నె మధ్యలో బొమ్మగా కూర్చున్న ఇద్దరికీ ఆ గోల పట్టనే పట్టదు. ఇద్దరివీ చంద్రబింబాల్లాంటి ముఖాలే, సన్నటి కళ్లే. ఎవరు ఆడో ఎవరు మగో పోల్చుకోవాలంటే నా కళ్లజోడు చాల్లేదు. బట్టల నిండా చుక్కలు, చుక్కల మధ్య తీగలు. పిసరంత ఖాళీ కనిపిస్తే మీ చిత్రకారుడికి నిద్రపట్టదు కాబోలు.

అసలు సంగతికి వస్తాను. మీ కాషాన్ గిన్నెల మీద తరచుగా కనిపించే దీవెన ఒకటుంది: ఈ గిన్నె యజమాని ఎక్కడున్నా సృష్టికర్త అతణ్ణి కాపాడుగాక అని. ఎంత పెద్ద మనసు! పేరు లేదు, ఊరు లేదు, ఎవరి చేతిలో ఉంటే వాడికే. మిమ్మల్ని గొయ్యి తవ్వి తీసినవాడికీ, రాత్రికి రాత్రి దేశం దాటించినవాడికీ అదే దీవెన. పందొమ్మిదో శతాబ్దం చివర్నుంచి మీకు గిరాకీ పెరిగాక, వ్యాపారులు ఒక గిన్నె అంచుకు ఇంకో గిన్నె అడుగు అతికి, సందుల్లో ప్లాస్టర్ పూసి, పైన కొత్తగా కనుబొమలు కూడా దిద్ది అమ్మారు. అల్ట్రావయొలెట్ దీపం కింద పెడితే మీలో చాలామంది పరువు పోయింది. అబుల్ ఖాసిం తండ్రి అలీ 1265లో ఇరాన్‌లోనే ఉన్న వరామిన్ సమాధి మందిరానికి చేసిన మిహ్రాబ్ ఇప్పుడు హవాయి దీవుల్లోని హొనలులులో సముద్రపు గాలి పీలుస్తోంది. ‘ఎక్కడున్నా’ అని రాయడం అలవాటైన ఊరివాళ్లు కూడా అంత దూరం ఊహించి ఉండరు.

అందుకే ఒక చిన్న సందేహం. అంచు ఒకరిది, అడుగు ఒకరిది, నడుమ ప్లాస్టర్ అమ్మినవాడిది అయినప్పుడు దీవెన ఎవరి ఖాతాలో పడుతుంది? ముక్కల చొప్పున పంచుతారా, లేక అంచు ఉన్నవాడికే మొత్తమా? తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
మీలో ఒక పెంకైనా సొంతం కాని,
అందుచేత ఏ దీవెనా వర్తించని
ఒక అభిమాని