మొక్కలు సినిమాకి వెళ్తాయంటే ఊ కొట్టాను

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. పోయిన నెల ఓ సాయంత్రం సైన్స్ పాఠం అప్పజెప్తానంటూ వచ్చి నా ఎదురుగా నిలబడింది. "చెప్పు, వింటున్నా" అన్నాను. మొక్కలు ఆకుల్లో ఆహారం తయారుచేసుకుంటాయి అంది. ఊ అన్నాను. దానికి ఎండ, నీళ్లు, గాలి కావాలి అంది. ఊ. రాత్రయితే మొక్కలన్నీ కలిసి సినిమాకి వెళ్తాయి అంది.

ఊ అన్నాను.

కాసేపటికి మాట వినపడక తలెత్తి చూశాను. పుస్తకం మూసేసి "అయిపోయింది నాన్నా" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ సినిమా సంగతి పడుకోబోయే ముందు వాళ్లమ్మ చెబితేగానీ నాకు తెలియలేదు. నాకు పరీక్ష పెట్టడం అది మొదటిసారి కూడా కాదట. అంతకు ముందు వారం త్రిభుజానికి ఐదు భుజాలుంటాయని చెప్పిందట. దానికీ ఊ కొట్టానట.

ఇంతకీ అప్పుడు ఫోన్లో నేను చూస్తున్నదేమిటో చెబితే నవ్వుతారు. తన తరగతి పేరెంట్స్ గ్రూప్. మర్నాటి ప్రాజెక్టుకి తెల్ల చార్టా, రంగు చార్టా అని చర్చ నడుస్తోంది. నలభై పైచిలుకు మెసేజ్‌లు. లెక్క ప్రకారం నేను ఆ నిమిషంలో నా కూతురి చదువు మీద శ్రద్ధ పెడుతున్న తండ్రిని. నా కూతురు మాత్రం రెండడుగుల దూరంలో గోడకి పాఠం చెబుతోంది.

అప్పటినుంచి ఈ స్క్రీన్ టైమ్ గోల గురించి నాకు వేరే రకం కోపం పట్టుకుంది. అది ఇక్కడ కక్కేస్తాను, కాస్త పొడుగైనా భరించండి.

ముందు బడి సంగతి. పేరెంట్స్ మీటింగ్ పెట్టి "ఇంట్లో పిల్లలకి ఫోన్ ఇవ్వకండి" అని గట్టిగా చెబుతారు. ఆ సాయంత్రమే హోంవర్క్ యాప్‌లో వస్తుంది. వర్క్‌షీట్ పీడీఎఫ్, పద్యం ఎలా చదవాలో వీడియో లింకు, చేసిన పని ఫోటో తీసి రాత్రి ఎనిమిదిలోపు అప్‌లోడ్. లింకు నొక్కి పద్యం వీడియో చూశాక పక్కనే ఇంకో నాలుగు వీడియోలు "నన్ను చూడు, నన్ను చూడు" అంటూ వరసలో నిలబడి ఉంటాయి. వాటిని దాటి బయటికి రావడం పెద్దవాళ్లం మనకే చేతకాదు. ఈ మాటే మీటింగ్‌లో అడిగాను. "మీరు పక్కన కూర్చోవాలి సర్" అన్నారు. కూర్చుంటానండీ. కూర్చుంటే నా చేతిలోనూ ఫోనే ఉంటుంది. చార్ట్ రంగు తేలాలి కదా!

రెండోది గంటల లెక్క. ఎవరు కలిసినా "మీ పాప రోజుకి ఎన్ని గంటలు చూస్తుంది?" అంటారు, జ్వరం ఎంతుందని అడిగినట్టు. లెక్క అక్కర్లేదని అనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: ఏడాది లోపు పసివాళ్లకి స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించకూడదు, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిది. చిన్న పిల్లల విషయంలో నాకు దానితో పేచీ లేదు. కానీ బడికి వెళ్లే పిల్లల దగ్గరికొచ్చేసరికి అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమే 2016లో అందరికీ ఒకే గంటల గీత గీయడం మానేసి, ఇంటింటికీ తగిన నియమాలు పెట్టుకోండి, నిద్రకీ ఆటకీ అడ్డురాకుండా చూసుకోండి అంది. మరి మనం ఎందుకు ఇంకా గంటలే లెక్కపెడుతున్నాం? సులువు కాబట్టి. ఫోన్ దానంతటదే లెక్కగట్టి చూపిస్తుంది. పిల్లతో ఇవాళ ఎంతసేపు మాట్లాడామో చూపించే యాప్ లేదు.

మార్కులతో ముడి కూడా మనం అనుకున్నంత సూటిగా లేదు. 2019లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో 58 అధ్యయనాలని కలిపి చూసిన పరిశోధన ఒకటి వచ్చింది. నాలుగేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు, మొత్తం 4,80,000 మందికి పైగా పిల్లలు. మొత్తం స్క్రీన్ గంటలకీ చదువులో రాణించడానికీ సంబంధం కనపడలేదు. విడివిడిగా చూస్తే టీవీ ఎక్కువ చూసేవాళ్లు, వీడియో గేములు ఎక్కువ ఆడేవాళ్లు చదువులో కొంత వెనకబడి కనిపించారు. ఇది చూసి "చూశారా, ఫోన్ వల్ల ఏం కాదు" అని ఫార్వర్డ్ చేసేవాళ్లు కొందరు, "చూశారా, టీవీ చెడగొట్టింది" అనేవాళ్లు కొందరు. రెండు పక్షాలూ తొందరపడుతున్నాయి. టీవీ వల్ల చదువు తగ్గిందో, చదువు ఎక్కక టీవీ ముందు కూర్చున్నారో, ఇంట్లో పలకరించే తీరిక ఎవరికీ లేక రెండూ జరిగాయో ఇలాంటి లెక్కలు తేల్చి చెప్పలేవు.

నన్ను నిజంగా కదిలించినవి వేరే ప్రయోగాలు. ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం 2003లో చేసినది ఒకటుంది. తొమ్మిది నెలల అమెరికా పసిపిల్లల్ని తీసుకుని, చైనా మాండరిన్ మాట్లాడే మనుషుల చేత వాళ్లతో ఆడించారు, పుస్తకాలు చదివించారు. పన్నెండు సార్లు, అంతే. ఇంగ్లీషులో లేని ఆ మాండరిన్ శబ్దాల తేడాని పిల్లలు పట్టేశారు. ఇంకో గుంపు పిల్లలకి అవే మనుషుల్ని, అవే పుస్తకాల్ని వీడియోలో చూపించారు. చక్కగా చూశారు, ఏమీ పట్టలేదు.

అయితే తప్పు తెరదేనా? నేనూ అలాగే అనుకున్నాను, 2014లో వచ్చిన మరో ప్రయోగం గురించి చదివేవరకు. రెండేళ్లు, రెండున్నరేళ్ల పిల్లలకి కొత్త క్రియాపదాలు నేర్పారు. కొందరికి ఎదురుగా కూర్చుని. కొందరికి వీడియో కాల్‌లో. మిగిలినవాళ్లకి, వేరే పిల్లతో చేసిన వీడియో కాల్‌నే రికార్డు చేసి చూపించారు. వీడియో కాల్ పిల్లలు ఎదురుగా కూర్చున్న పిల్లల్లాగే నేర్చుకున్నారు. రికార్డింగ్ చూసినవాళ్లు నేర్చుకోలేదు. తెర అదే, మాటలు అవే. తేడా ఏమిటంటే కాల్‌లో ఉన్న మనిషి పిల్ల నవ్వితే నవ్వింది, ఆగితే ఆగింది, అడిగితే బదులిచ్చింది. రికార్డింగ్‌లో మనిషి సరైన సమయానికి కాకుండా తన సమయానికి నవ్వింది.

అంటే, నాలాగా.

ఇది చదివి రాత్రి సరిగా నిద్రపట్టలేదు. పిల్లకి కావలసింది మన భాషలో ఊ కొట్టడం అని ఎప్పుడో పేరు పెట్టుకున్న పనే. కథ చెప్పేవాడు సగంలో ఆపి, విన్నవాడు ఊ అంటేనే ముందుకు సాగడం మనందరికీ తెలుసు. ఊ ఆగిందంటే నిద్రపోయాడని అర్థం. నేను మెలకువగా ఉండి ఊ కొడుతూ నిద్రపోయిన ఘనుణ్ణి. కథ చెప్పేవాళ్లు కనిపెట్టలేని కొత్త రకం మోసం ఇది. మా అమ్మాయి మాత్రం కనిపెట్టింది.

2017లో ఇంకో ప్రయోగం ఈ మోసం ఖరీదు కూడా చూపించింది. తల్లులు రెండేళ్ల పిల్లలకి రెండు కొత్త పదాలు నేర్పాలి. ఒక పదం నేర్పేటప్పుడు మధ్యలో ఫోన్ మోగుతుంది, తల్లి మాట్లాడి మళ్లీ వచ్చి నేర్పడం పూర్తిచేస్తుంది. రెండు పదాలూ పిల్ల చెవిన పడ్డది అన్నేసి సార్లే. అయినా ఫోన్ మోగని పదమే వచ్చింది, ఫోన్ మోగినది రాలేదు. చూడండి, ఇందులో పిల్ల స్క్రీన్ టైమ్ సున్నా. మనం రాసుకునే ఏ గంటల పట్టికలోనూ ఇది పడదు. 2014లో అమెరికాలో కొందరు పరిశోధకులు హోటళ్లలో పిల్లలతో భోజనానికి వచ్చిన పెద్దవాళ్లని దూరం నుంచి గమనిస్తే, 55 మందిలో 40 మంది ఫోన్ తీశారు. ఇప్పుడు లెక్కపెడితే ఎంతమంది తేలతారో మీరే ఊహించుకోండి.

ఇక తల్లిదండ్రుల శ్రద్ధ అనే మాట. దీని పేరు మీద జరుగుతున్న ఘోరాలు నాకు బాగా తెలుసు, చేసేవాళ్లలో నేనొకణ్ణి కాబట్టి. శ్రద్ధ అంటే రాత్రి తొమ్మిదింటికి లెక్కల పుస్తకం ముందేసుకుని "ఎన్నిసార్లు చెప్పాలి?" అని అరవడం. నేను చెప్పే పద్ధతి టీచరు చెప్పిన పద్ధతి కాదని తను ఏడవడం. చివరికి జవాబు నేనే చెప్పేసి రాయించడం, మర్నాడు దానికి స్టార్ రావడం. ఆ స్టార్ ఎవరిది? హైస్కూలు మొదటి తరగతుల పిల్లల మీద జరిగిన 50 అధ్యయనాలని హిల్, టైసన్ అనే ఇద్దరు 2009లో కలిపి చూస్తే, అన్ని రకాల శ్రద్ధల్లోకీ హోంవర్క్ సాయమే పనికిరానిదిగా తేలింది. (వెనకబడ్డ పిల్లలకే ఎక్కువ సాయం చేస్తాం కాబట్టి అలా కనపడి ఉండొచ్చు. నా గౌరవం నిలబెట్టుకోడానికి ఈ మాట చెప్పుకోనివ్వండి.) అన్నిటికన్నా మేలు చేసింది చదువు ఎందుకో, దానికీ రేపటి బతుకుకీ లంకె ఏమిటో, పిల్లకి ఏమంటే ఇష్టమో మాట్లాడుకోవడం. పక్కన కూర్చుని పెన్సిల్ పట్టుకోవడం కాదు, కబుర్లు.

ఆ కబుర్లకి గండికొట్టింది కూడా మన శ్రద్ధే. మార్కుల యాప్ సంగతే చూడండి. పరీక్ష పేపరు దిద్దగానే నా ఫోన్ టింగుమంటుంది. పిల్ల ఇంకా బడిలోనే ఉంటుంది, నాకు అప్పటికే ఇరవైకి ఎన్నో తెలుసు. ఇంటికి రాగానే బూట్లు విప్పకముందే "ఏంటి, పదమూడేనా?" అంటాను. తన వార్త తను చెప్పుకునే అవకాశం లేకుండా చేశాను. మా చిన్నప్పుడు మార్కులు చెప్పడానికి ఎంత ఆలోచించేవాళ్లం! ఎప్పుడు చెప్పాలి, ముందు ఎవరికి చెప్పాలి, ఎవరికి ఇంకా తక్కువొచ్చాయో ముందు చెప్పాలా. భయమే, కాదనను. కానీ తప్పు జరిగినప్పుడు నోరు తెరిచి మనంతట మనం చెప్పడం అక్కడే నేర్చుకున్నాం. ఇప్పటి పిల్లలకి చెప్పడానికేం మిగల్లేదు, నిలబడి తిట్లు వినడమే.

నేను చెప్పేది విని "అయితే టాబ్లెట్ చేతికిచ్చి వదిలెయ్యమంటావా" అనకండి. తరగతి గదిలో ఫోన్ చేసే చేటు గురించి నాకు అనుమానం లేదు. పిసా అని చాలా దేశాల్లో పదిహేనేళ్ల పిల్లలకి పెట్టే పరీక్ష ఒకటుంది; 2022లో అందులో పిల్లల్ని అడిగితే, లెక్కల క్లాసులో పక్కవాళ్ల ఫోన్ల వల్ల చెదిరిపోతున్నామన్న వాళ్ల స్కోరు సగటున 15 పాయింట్లు తక్కువగా ఉంది. అదే పరీక్షలో, బడిలో చదువు కోసం రోజుకి గంట లోపు వాడినవాళ్లు అసలు వాడనివాళ్లకన్నా 14 పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నారు. వస్తువు ఒకటే, వాడుక వేరు. రాత్రి పడకగదిలో ఫోన్ అన్నదానికి మాత్రం మా ఇంట్లో చర్చే లేదు, నాతో సహా అందరివీ హాల్లోనే పడుకుంటాయి. నిద్ర చాలని పిల్లకి ఏ పాఠమూ ఎక్కదు, దానికి పరిశోధన అక్కర్లేదు.

ఇంకొకరి మీద కూడా కోపం ఉంది. "మా బాబుకి ఫోన్ అంటే ఏంటో తెలీదు" అని పోస్టులు పెట్టేవాళ్ల మీద. ఆ పోస్టు పెట్టింది ఫోన్‌లోంచే, బాబు పక్కన ఉండగానే అయ్యుంటుంది. రెండు ఉద్యోగాలు చేసుకుంటూ, సాయానికి మనిషి లేక, వంట అయ్యేదాకా అరగంట కార్టూన్ పెట్టే తల్లిని వీళ్లు నేరస్థురాల్ని చేస్తారు. ఆ అరగంట వల్ల పిల్ల పాడైపోదు. ఆ తర్వాత "ఆ ఎలుగుబంటి ఎందుకు ఏడ్చింది?" అని తల్లి ఒక్క మాట అడిగితే, నేను పక్కనే కూర్చుని కొట్టిన వంద ఊలకన్నా అది విలువైనది. డబ్బున్న ఇంట్లో పిల్ల దగ్గర టాబ్లెట్ లేకపోవడం గొప్పతనం కాదు, ఆ ఇంట్లో పిల్లని చూసుకునే ఇంకో మనిషికి జీతం ఇస్తున్నారని అర్థం. ఆ సంగతి పోస్టులో ఉండదు.

నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. గ్రూప్‌ని మ్యూట్‌లో పెట్టాను, రాత్రి ఒకసారి చూస్తాను. చార్ట్ రంగు ఒకసారి తప్పు తీసుకెళ్లింది, భూమి బద్దలవలేదు. మార్కుల యాప్ తీసేశాను. తను పాఠం అప్పజెప్పేటప్పుడు ఫోన్ పక్కగదిలో ఉంటుంది. మొదటి వారం చేతులు ఏం చెయ్యాలో తెలియక పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి కూర్చున్నాను. తను మాత్రం నన్ను నమ్మలేదు. ఇప్పటికీ మధ్యలో ఓ అబద్ధం ఇరికిస్తుంది. మొన్న అగ్నిపర్వతం లోపల ఓ టైలర్ ఉంటాడంది. "ఏం కుడతాడు?" అని అడిగాను. అరగంట చెప్పింది. పాఠం సగంలోనే ఆగిపోయింది.

నిన్న సాయంత్రం బడి నుంచి వచ్చి, బూట్లు విప్పి, బ్యాగు సర్ది, నా పక్కన కూర్చుని, తన పక్క బెంచీ అమ్మాయి నీళ్ల సీసా ఎలా పోగొట్టుకుందో పావుగంట చెప్పింది. ఎక్కడో వెతికారు, ఎవరో దాచారు, టీచరు ఏదో అన్నారు. ఆ తర్వాత గోడ వైపు చూస్తూ, లెక్కల్లో ఇరవైకి పదకొండు వచ్చాయంది.

ఊ అన్నాను.