కరాటులో ఆగేది పులిహోర తినడానికేనా?

సెలవులొస్తే టాంజానియాలో ఉండే మన దారెస్సలాం తెలుగువాళ్ళం గొరొంగోరో అభయారణ్యంలో సింహాల కోసం పరిగెడతాం కదా. దారిలో కరాటు అనే ఊరు వస్తుంది, డీజిల్ కొట్టించి, డబ్బాలో పులిహోర లాగించేసి మళ్ళీ బండెక్కేయడమే, నేనూ మూడుసార్లు అంతే. 2018 జులైలో మాత్రం టైర్ పంక్చరై ఇరుక్కుపోయా, అప్పుడు కళ్ళబడింది, ఎండిన మొక్కజొన్న సాళ్ళ మధ్య నిలువెత్తు కంది, అచ్చం మా పాలమూరు చేనే!

చేలో ఉన్న పెద్దావిడని నా వచ్చీరాని స్వాహిలీలో మీరు మసాయి తెగవాళ్ళా అని అడిగా. కాదు బాబూ, ఇరాక్వ్ అంది కాస్త గట్టిగానే. వీళ్ళది కుషిటిక్ భాష, ఇథియోపియా సోమాలియా భాషలకి చుట్టం, బయటోళ్ళేమో ఎంబులు అంటారు, అది పక్క ఊరి పేరు. మనల్ని మద్రాసీ అంటే ఎలా మండుతుందో అలాగన్నమాట. ఇంకా దతోగ వాళ్ళున్నారు, వాళ్ళ భాష నైలోటిక్ అనే వేరే కుటుంబానిది, పశువులు కాస్తారు, వాళ్ళలో కమ్మరులు పాత తాళంకప్పలు కరిగించి కడియాలు పోస్తారు, మేకులు సాగగొట్టి బాణం ములుకులు చేస్తారు. ఆ ములుకులు కొనేది ఎయాసీ సరస్సు దగ్గరుండే హడ్జా వేటగాళ్ళు, మొత్తం కలిపితే వెయ్యి పైచిలుకు మంది, మాటల్లో నాలుకతో టక్కుమనే శబ్దాలు, ఆ భాషకి లోకంలో చుట్టమే లేదు. ఒక్క తాలూకాలో ఇన్ని రకాల మనుషులుంటే మనం మాత్రం అందరినీ కలిపి "లోకల్స్" అనేస్తాం. తెల్లారగట్ల బండేసుకెళ్ళి హడ్జా వేటని వీడియో తీసుకునే టూర్లయితే నాకస్సలు నచ్చవు.

ఆవిడ నన్నూ అడిగింది, నువ్వు మ్హిందీవే (అంటే ఇండియా వాడివే) కదా, మీవాళ్ళు మా ఎంబాజీ ఎందుకు కొనట్లేదు అని. ఎంబాజీ అంటే కందులే. 2017 ఆగస్టులో ఇండియా ఏడాదికి 2 లక్షల టన్నులకి మించి కందులు రానివ్వనంది, అక్కడ మన రైతుకి రేటు లేదు మరి, ఆ గొడవ నాకూ తెలుసు. కానీ ఇక్కడ వీళ్ళు పండించేదే ఎక్కువగా మన పప్పు కోసం, కొనేవాడు లేక బస్తాలు ఇళ్ళలోనే ఉండిపోయాయి. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు ఈ వైపు రైతులతోనే కంది రకాల మీద పనిచేశారు, అంటే వేయమన్నదీ మన వైపు నుంచే, వద్దన్నదీ మన వైపు నుంచే. 2021లో మళ్ళీ గేట్లు తెరిచారులెండి.

ఆరోజు నా దగ్గర జవాబు లేదు. పంక్చర్ వేయించుకొచ్చేసరికి ఆవిడ దోసెడు పచ్చి కందికాయలు చేతిలో పెట్టింది, డబ్బులిస్తే తీసుకోలేదు. రాత్రి లాడ్జిలో ఉప్పేసి ఉడకబెట్టించుకున్నాం, మా అబ్బాయి సింహాల ఫొటోలు పక్కనబెట్టి అవే ఒలుచుకు తిన్నాడు.