సొంతంగా కోడ్ రాసేవాళ్ల మీద చర్యలు తీసుకోవాలి

విశాఖలో ఐటీ ఎదుగుతున్న ఈ తరుణంలో, ఒక ప్రమాదకర ధోరణిని అధికారుల దృష్టికి తేవడం నా పౌరధర్మం. కొందరు కుర్ర ఇంజనీర్లు కోడ్ సొంతంగా రాసేస్తున్నారు.

మొన్న రుషికొండలో ఒక ఆఫీసులో జరిగిన సంగతే చూడండి. ఫారంలో ఇచ్చిన ఫోన్ నంబర్‌కు 10 అంకెలున్నాయో లేదో చూడాలి. గాజువాక నుంచి వచ్చే కొత్త కుర్రాడు ఎవరినీ అడక్కుండా నాలుగు లైన్లు రాసేశాడు. అవి పనిచేశాయి కూడా. సాయంత్రం రివ్యూలో టీమ్ లీడ్ తల పట్టుకున్నాడు.

“ఏంటి తమ్ముడూ, ఇది నువ్వే రాశావా?”

“నాలుగు లైన్లే కదన్నా అని...”

“దీనికో ప్యాకేజీ ఉండదా? వెతికావా అసలు?”

కుర్రాడు నీళ్లు నమిలాడు. లీడ్, వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్‌ను (దాన్నే ప్యాకేజీ అంటారు) నెట్ నుంచి దింపే ‘ఎన్‌పీఎం ఇన్‌స్టాల్’ కమాండ్ కొట్టి టీకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి, దింపిన ప్యాకేజీలు చేరే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ పొంగిపోయింది. ఆ ప్యాకేజీకి, నంబర్ ముందు +91 పెడితే మాత్రం నచ్చట్లేదట. దానికి ఇంకో ప్యాకేజీ చూస్తున్నారు.

ఎంవీపీ కాలనీలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లను అడగండి, ఒక్క బ్యాచిలర్‌ని పెట్టుకుంటే మర్నాటికి గుమ్మం ముందు ఎన్ని జతల చెప్పులుంటాయో. ప్యాకేజీల లెక్కా అంతే. ఇన్‌స్టాల్ పూర్తయ్యాక చివర్లో రెండు ముక్కలు కనిపిస్తాయి. ఇన్ని భద్రతా లోపాలున్నాయని ఒకటి, ఇన్ని ప్యాకేజీలు నిధుల కోసం చూస్తున్నాయని ఇంకొకటి. రెండూ చదవకుండా స్క్రీన్ క్లియర్ చేయడం మన వృత్తి సంప్రదాయం.

ఈ రంగంలో వినయం నేర్చుకోవాలంటే ‘ఈజ్-ఈవెన్’ ప్యాకేజీని చూడాలి. సరి సంఖ్య అవునో కాదో చెప్పడం దాని ఉద్యోగం. తానుగా ఏమీ తేల్చదు. బేసి సంఖ్యేనా అని ‘ఈజ్-ఆడ్’ని అడిగి, అది చెప్పినదాన్ని తిరగేసి చెబుతుంది. ఈజ్-ఆడ్ ఏమో, అసలిది సంఖ్యేనా అని ‘ఈజ్-నంబర్’ని అడుగుతుంది. రెండుతో భాగించి చూస్తే పోయేదానికి ఎంత సంప్రదింపులో! ఎవరి మీదా తప్పు పడదు.

గిట్టనివాళ్లు 2016 మార్చి నాటి లెఫ్ట్-ప్యాడ్ గొడవ ఎత్తుతారు. అది 11 లైన్ల ప్యాకేజీ. పదానికి ఎడమవైపు ఖాళీలో సున్నాలో చేర్చి పొడవు సరిచేస్తుంది. దాని రచయితదే ‘కిక్’ అనే వేరే ప్యాకేజీ పేరు మీద ఒక కంపెనీతో తగువొచ్చి, ప్యాకేజీలను ఉంచే ఎన్‌పీఎం ఆ కంపెనీ వైపు మొగ్గేసరికి రచయితకు ఒళ్లు మండింది. లెఫ్ట్-ప్యాడ్‌తో సహా తన ప్యాకేజీలన్నీ తీసేశాడు. లెఫ్ట్-ప్యాడ్ మీద ఆధారపడ్డ బాబెల్ లాంటి పెద్ద ప్రాజెక్టుల బిల్డులు (కోడ్ నుంచి సాఫ్ట్‌వేర్ తయారుచేసే పని) కూడా ఆగిపోయాయి. చివరికి ఎన్‌పీఎం వాళ్లే దాన్ని తిరిగి పెట్టారు. 2017లో అదే పని చేసే ప్యాడ్‌స్టార్ట్ జావాస్క్రిప్ట్ భాషలోనే వచ్చేసింది. అయినా లెఫ్ట్-ప్యాడ్‌ను దింపుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. విశ్వాసం అంటే అదీ.

2018లో ఇంకో ముచ్చట. ‘ఈవెంట్-స్ట్రీమ్’ ప్యాకేజీని రాసినాయనకు దాని మీద ఆసక్తి పోయింది. ముక్కూ మొహం తెలియనివాడొకడు “నేను చూసుకుంటా” అంటే తాళాలు చేతిలో పెట్టేశాడు. జీతం అడక్కుండా పని చేస్తానన్నవాణ్ని అనుమానించడం మర్యాద కాదు కదా. ఆ పెద్దమనిషి లోపల మరో ప్యాకేజీ కలిపి, దాని ద్వారా బిట్‌కాయిన్ వాలెట్లు దోచే కోడ్ దూర్చాడు. వారాల తరబడి ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టాలంటే చదవాలి మరి.

ఇక లాక్ ఫైలు సంగతి. ప్రాజెక్టుకు కావాల్సిన ప్యాకేజీల జాబితాలో పేరు పక్కన, వెర్షన్‌కు ముందు టోపీలాంటి గుర్తు (^) ఉంటుంది. ఆ మేజర్ వెర్షన్ (నంబరులో మొదటి అంకె) మారనంత వరకూ కొత్తగా ఏదొచ్చినా తెచ్చుకోవచ్చని దాని అర్థం. ఏ వెర్షన్ వాడుతున్నామో కచ్చితంగా రాసిపెట్టి, లాక్ ఫైలు ఆ ఉత్సాహాన్ని ఆపుతుంది. అందుకే ఇద్దరి కోడ్ కలిపే మర్జ్‌లో గొడవ రాగానే ముందు దాన్నే డిలీట్ చేసి, మళ్లీ ఇన్‌స్టాల్ కొట్టి, శుక్రవారం సాయంత్రం జనం వాడే ప్రొడక్షన్‌కి పంపేసి, ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తినడానికి బయల్దేరే టీములున్నాయి మన ఊళ్లో. ఆ గుండెధైర్యానికి సన్మానం జరగాలి. శాలువాల ఖర్చు, లోపలేముందో చదివి మరీ ప్యాకేజీ కలిపేవాళ్ల దగ్గర జరిమానాగా వసూలు చేయొచ్చు. పెద్దగా రాకపోవచ్చు, అలాంటివాళ్లు బాగా తక్కువ.