కాఫ్రాలో ఒక్క అక్షరం

దక్షిణాఫ్రికాలో వాగుల ఒడ్డున పెరిగే 'ఎరికా కాఫ్రా' అనే పూలపొద శాస్త్రీయ నామం, అందులో నల్లవాళ్లను తిట్టే 'కాఫిర్' అన్న మాట ఉందని, ఇప్పుడు 'ఎరికా ఆఫ్రా' అయింది. రిటైరైన బోటనీ లెక్చరర్ ఒకాయనకీ, డర్బన్‌లో ఉంటున్న ఆయన అన్న కూతురికీ ఫోన్లో దీని మీద పడిన వాదన ఇది.

బాబాయ్: పొదలో ఏ మార్పూ లేదు కదమ్మా. సన్నటి ఆకులు కణుపుకు మూడేసి, అవే. తెల్లటి పూలు చిన్న కూజాల్లా, తేనె వాసనతో, అవే. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో పెట్టిన పేరును 2024లో మాడ్రిడ్‌లో ఓట్లేసి మార్చడమేంటి?

అమ్మాయి: పేర్ల రూల్స్ మారేది బోటనీ కాంగ్రెస్‌లో ఓటుతోనే, మీకు తెలియనిదా? 351 ఓట్లు అనుకూలం, 205 వ్యతిరేకం.

బాబాయ్: 205 తక్కువేం కాదు. పేరు గుర్తు మాత్రమే. సిల్లా పెరూవియానా పెరూలో పుట్టిందా? మధ్యధరా మొక్క అది. లిన్నేయస్ పొరబడ్డాడని తెలిసినా ఎవరూ మార్చలేదు. పేరు నిలకడగా ఉంటేనే పాత పుస్తకం, కొత్త పుస్తకం ఒకే మొక్క గురించి మాట్లాడతాయి. అయినా అప్పట్లో అది తిట్టు కాదు, ఐరోపావాళ్లు ఆ తూర్పు ప్రాంతాన్ని కాఫ్రేరియా అనేవాళ్లు.

అమ్మాయి: పెట్టినప్పటి ఉద్దేశం ఏదైనా కానివ్వండి. కాఫిర్ అంటే అరబ్బీలో అవిశ్వాసి. వలసపాలకుల నోట పడి నల్లవాళ్లందరికీ అదే పేరైంది, అపార్తీడ్ అనే వర్ణవివక్ష పాలన నాటికి పచ్చి తిట్టు. 2018లో ఇక్కడ ఒకావిడ పోలీసుల్ని ఆ మాటతో తిట్టినందుకు జైలుశిక్ష పడింది. అదే మాటను బోటనీ క్లాసులో నల్లజాతి పిల్లలు లాటిన్ అనుకుని రాయాలా? కూలీ అన్న మాటే చూడండి. 1860 నుంచి నేటాల్ చెరకు తోటలకు ఓడల్లో మనవాళ్లూ వచ్చారు. మన ఊళ్లో కూలీ అంటే కష్టం చేసుకుని బతికేవాడు. ఇక్కడి తెల్లదొరకు బారిస్టర్ గాంధీ కూడా కూలీయే. ఏ పువ్వు పేరుకో ఆ మాట తగిలించి ఉంటే, 'అర్థం చూడకూడదమ్మా, అది గుర్తు మాత్రమే' అని ఇక్కడి తెలుగువాళ్లకు చెప్పగలరా? పైగా పోయిందేంటి? మొదట్లో ఒక్క 'సి' అక్షరం. ఆ మాట ఉన్న 200కు పైగా పేర్లకు ఒకటే సూత్రం. పేరు పెట్టినవాడిగా లిన్నేయస్ పేరూ, 1753వ సంవత్సరమూ అలాగే ఉన్నాయి. ప్రతిపాదించిన గిడియన్ స్మిత్, ఎస్ట్రెలా ఫిగ్యురేదో ఎక్కడివాళ్లో కాదు, ఇక్కడి నెల్సన్ మండేలా యూనివర్సిటీవాళ్లే.

బాబాయ్: ఆఫ్రా అంటే ఆఫ్రికాది. కేప్ ప్రాంతంలోనే ఎరికాలు 600కు పైగా ఉన్నాయి, అన్నీ ఆఫ్రికావే! అక్కడి షోసా జాతివాళ్లు ఈ పొదను ఏమంటారో ఎవరైనా అడిగారా?

అమ్మాయి: లేదు. అది నాకూ నచ్చలేదు. కానీ పూర్తిగా కొత్త మాట పెడితే నిలకడ పోయిందని మొదట గోల చేసేది మీరే.

బాబాయ్: ఆ గోల తుమ్మచెట్టు నాడే చేశాను.

అమ్మాయి: అదీ చెప్పండి! 2005లో వియన్నాలో ఏం చేశారు? ఆస్ట్రేలియాలో జాతులు ఎక్కువున్నాయని తుమ్మల శాస్త్రీయ నామం అకేసియాను వాళ్లకిచ్చేశారు. ఆఫ్రికావీ మనవీ పేరు మార్చుకున్నాయి. అది నిలకడ కోసమేనట!

బాబాయ్: దాని మీద నాకింకా కోపమే. మన నల్లతుమ్మను వాచెల్లియా నైలోటికా అనాలట. నోరు తిరగాలిగా!

అమ్మాయి: మరి పరీక్షలో పిల్లలు ఏది రాస్తే మార్కులిచ్చారు?

బాబాయ్: రెండిట్లో ఏది రాసినా ఇచ్చాను. మాట మార్చకు. హిబ్బర్షియా అనే మొక్కల పేరు సంగతేంటి? బానిస వ్యాపారాన్ని వెనకేసుకొచ్చిన జార్జ్ హిబ్బర్ట్ పేరది. రేపు దాన్నీ పీకేస్తారా?

అమ్మాయి: లేదు. 2026 జనవరి 1 నుంచి పెట్టే కొత్త పేర్లు ఎవరినైనా కించపరిస్తే తిరస్కరించవచ్చన్నారు. పాతవాటిలో కాఫ్రా అన్న మాట ఒక్కటే మారింది.

బాబాయ్: అంటే అంతకుముందు పెట్టిన తిట్లన్నీ శాశ్వతం, ఈ ఒక్కటి తప్ప. ఇదెక్కడి న్యాయం?

అమ్మాయి: బాబాయ్, ఇది మీ వైపు వాదనా, నా వైపు వాదనా?