మందులకు లొంగని డిప్రెషన్‌కు ఐదు రోజుల వైద్యమా? ఆ సందేశానికి జవాబు

చదువుకున్న మిత్రులే, అందులో కొందరు వైద్యరంగంలో ఉన్నవారే, ఒకే సందేశాన్ని వాట్సాప్‌లో మళ్లీ మళ్లీ పంపుతుంటే ఇక మౌనంగా ఉండడం నా వల్ల కావడం లేదు. దాని సారాంశం ఇది: మందులకు లొంగని డిప్రెషన్‌కు కెటమిన్ (మత్తుమందుగా వాడే మందు), టీఎంఎస్ (అయస్కాంత తరంగాలతో మెదడును ప్రేరేపించే చికిత్స), కరెంటు షాకు (ఈసీటీ) మూడూ కలిపి ఐదు రోజులు ఇస్తే 79 శాతం మందికి శాశ్వతంగా నయమవుతుందట. షాకు ఒక్కటే ఇస్తే జ్ఞాపకశక్తి పోతుందట గానీ కెటమిన్‌తో కలిపితే పోదట. కెటమిన్ ముక్కులో కొట్టుకునే స్ప్రేగా కూడా వస్తుంది కాబట్టి ఇంట్లోనే వాడుకోవచ్చట. ఐదు రోజులు పూర్తయ్యాక మాత్రలన్నీ ఆపేయవచ్చట. అమెరికా ఆమోదించిన ఈ పద్ధతిని మందుల కంపెనీలు దాచిపెడుతున్నాయట.

చివరి ఆరోపణతో మొదలుపెడితే త్వరగా తేలిపోతుంది. ఎస్‌కెటమిన్ (కెటమిన్‌కే చెందిన ఒక రూపం) స్ప్రేను తయారుచేసి, పరీక్షలు జరిపించి, 2019 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి తెచ్చుకున్నది ఒక పెద్ద మందుల కంపెనీయే. తాను అమ్ముకుంటున్న మందును తానే దాచిపెట్టవలసిన అవసరం దానికి లేదు.

79 శాతం అన్న అంకె కల్పితం కాదు, కానీ అది ఈ మూడు చికిత్సల కలయికకు చెందినది కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు టీఎంఎస్‌ను రోజుకు పది విడతల చొప్పున ఐదు రోజులు ఇచ్చే పద్ధతిని రూపొందించి, 2022లో ప్రచురితమైన పరీక్షలో దాని ఫలితాలను వెల్లడించారు. చికిత్స తర్వాతి నాలుగు వారాల్లో అసలు చికిత్స పొందినవారిలో 79 శాతం మందికి, నకిలీ చికిత్స పొందినవారిలో 13 శాతం మందికి లక్షణాలు దాదాపు పూర్తిగా తగ్గాయి. ఆశ కలిగించే ఫలితమే, అందులో సందేహం లేదు. అయితే ఆ పరీక్షలో రెండు వర్గాలూ కలిపి పాల్గొన్నది 29 మంది. ప్రతి ఒక్కరికీ ముందుగా ఎంఆర్ఐ తీసి, అయస్కాంత తరంగం మెదడులో ఎక్కడ తగలాలో విడివిడిగా నిర్ణయించారు. పరీక్షించిన చికిత్స టీఎంఎస్ ఒక్కటే. కెటమిన్ గానీ షాకు గానీ అందులో భాగం కాదు. నాలుగు వారాల ఫలితాన్ని ‘శాశ్వతం’ అని రాసింది సందేశమే తప్ప ఆ పరిశోధకులు కాదు.

ఇక కలిపితే బలం పెరుగుతుందన్న వాదన. కెటమిన్, టీఎంఎస్ కలిపి వాడిన అనుభవాలు ప్రచురితమయ్యాయి గానీ, వాటిలో ఎక్కువ భాగం కొద్దిమంది రోగుల వివరాలే, వెనక్కి తిరిగి చూసి రాసిన నివేదికలే. షాకుకు కెటమిన్ జోడిస్తే జ్ఞాపకశక్తికి రక్షణ దొరుకుతుందా అన్న ప్రశ్నను మాత్రం బ్రిటన్‌లో నేరుగా పరీక్షించి 2017లో ఫలితం ప్రకటించారు. షాకుకు ముందు ఇచ్చే మత్తుమందుకు కెటమిన్ జోడించినవారికి జ్ఞాపకశక్తి విషయంలో గానీ, డిప్రెషన్ తగ్గడంలో గానీ అదనపు ప్రయోజనం కనిపించలేదు. అంటే సందేశంలోని ఈ మాటను ఇప్పటికే పరీక్షించారు, అది నిలవలేదు.

అయితే ఆ వాక్యం మొదటి సగం, అంటే షాకు వల్ల జ్ఞాపకశక్తి దెబ్బతింటుందన్న మాట, నిరాధారం కాదు. ఈ విషయంలో సందేశం రాసినవారి కంటే మన వైద్యుల మీదే నాకు ఎక్కువ ఫిర్యాదు ఉంది. మత్తుమందు, కండరాలను సడలించే మందు లేకుండా షాకు ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఆ మేరకు ఈసీటీ ఈనాడు సురక్షితమైన, అత్యంత శక్తిమంతమైన చికిత్స. కానీ చికిత్సకు ముందు వెనుక నెలల జ్ఞాపకాలు కొందరిలో చెరిగిపోతాయి, వాటిలో కొన్ని తిరిగి రావు. ఆ మాట ముందే చెప్పకుండా ‘ఏమీ కాదమ్మా’ అని సంతకం తీసుకునే అలవాటు వల్లనే ఇటువంటి సందేశాలకు నమ్మేవారు దొరుకుతున్నారు.

ఇంట్లో స్ప్రే అన్న మాట దగ్గర నా ఓపిక సన్నగిల్లుతోంది. ఎస్‌కెటమిన్‌కు అనుమతి ఇచ్చిన ఎఫ్‌డీఏయే దాన్ని ఇంటికి పంపకూడదని షరతు పెట్టింది. నమోదైన వైద్య కేంద్రంలో సిబ్బంది ఎదుట వాడి, కనీసం రెండు గంటలు పరిశీలనలో ఉండాలి, రక్తపోటు చూడాలి, మర్నాటి వరకు వాహనం నడపకూడదు. ఫార్మసీలు విడిగా కలిపి తయారుచేసిన కెటమిన్‌ను ఇళ్లలో వాడుతున్న ధోరణిపై అదే సంస్థ 2023 అక్టోబరులో ప్రత్యేకంగా హెచ్చరించింది. మన దేశంలో కెటమిన్ కఠిన నియంత్రణలో ఉండే షెడ్యూల్ ఎక్స్ మందు. తరచుగా, ఎక్కువగా వాడితే మూత్రాశయం దెబ్బతింటుంది, అలవాటుగా మారే ప్రమాదమూ ఉంది. అమెరికా ఆమోదించిందని గొప్పగా చెప్పి, ఆ ఆమోదంలోని షరతులను చదవకుండా వదిలేయడం ఏ రకమైన సేవ?

ఇవన్నీ ఒక ఎత్తు, మాత్రలు ఆపేయమన్న వాక్యం ఒక్కటీ ఒక ఎత్తు. మిగిలిన తప్పుల వల్ల డబ్బు, సమయం, ఆశ పోవచ్చు. ఈ ఒక్క వాక్యం వల్ల మనుషులు పోతారు.

షాకుతో పూర్తిగా కోలుకున్నవారికి ఆ తర్వాత ఏమి ఇవ్వాలన్న ప్రశ్నపై అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2001లో వచ్చాయి. కోలుకున్నవారిని మూడు వర్గాలుగా విడదీసి 24 వారాలు గమనించారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 84 శాతం మందికి డిప్రెషన్ తిరగబెట్టింది. నార్ట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మందు తీసుకున్నవారిలో అది 60 శాతం. నార్ట్రిప్టిలిన్, మనోస్థితిని నిలకడగా ఉంచే లిథియం రెండూ తీసుకున్నవారిలో 39 శాతం. మన చేతిలోని అత్యంత బలమైన చికిత్సతో కోలుకున్నవారి పరిస్థితే ఇది. అసలు మందు లేకపోతే ఆరు నెలలు తిరగకుండానే అధికశాతం మంది మళ్లీ మొదటికి వచ్చారు.

స్ప్రే విషయంలోనూ ఇదే జరిగింది. 2019లో ప్రచురితమైన పరీక్షలో, స్ప్రే, మాత్ర కలిపి వాడి నిలకడగా కోలుకున్నవారిలో సగం మందికి స్ప్రే కొనసాగించి, మిగిలినవారికి స్ప్రే ఆపి మాత్ర మాత్రం ఉంచారు. కొనసాగించినవారిలో 26.7 శాతం మందికి, ఆపినవారిలో 45.3 శాతం మందికి తిరగబెట్టింది. మాత్ర ఉన్నవారి లెక్కే ఇది. 2025 జనవరిలో ఎఫ్‌డీఏ మాత్ర లేకుండా స్ప్రే ఒక్కటే వాడడానికి కూడా అనుమతించిందని ఒక మిత్రుడు నాకు గుర్తుచేశారు. నిజమే. కానీ ఆ అనుమతి స్ప్రేను కొనసాగిస్తూ మాత్ర లేకుండా ఉండడానికే తప్ప, ఐదు రోజుల తర్వాత అన్నిటినీ వదిలేయడానికి కాదు.

ఉన్నట్టుండి ఆపడంలో ఇంకొక ప్రమాదం ఉంది. వెన్లాఫాక్సిన్, పారాక్సెటిన్ వంటి మాత్రలు ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, తలలో కరెంటు తగిలినట్లు ఉండడం, విపరీతమైన చిరాకు రావచ్చు. లిథియంను హఠాత్తుగా ఆపితే ఆత్మహత్య ప్రమాదం పెరుగుతుంది. మందులకు లొంగని డిప్రెషన్‌తో బాధపడేవారు అసలే ఆ అంచున ఉంటారు. వారికి ‘ఇక మాత్రలు అక్కర్లేదు’ అని చెప్పే హక్కు వాట్సాప్‌లో పంపే మీట నొక్కిన మనకు ఎవరిచ్చారు?

చికిత్సలను కలపడం తప్పని నేను అనడం లేదు. పైన చెప్పిన 39 శాతం రెండు మందులను కలిపినందువల్లే సాధ్యమైంది. ఒక మాత్రకు లిథియం గానీ అరిపిప్రజోల్ గానీ జోడించడం, మాత్రతో పాటు టీఎంఎస్ ఇవ్వడం, షాకు తర్వాత మందుతో నిలబెట్టడం సైకియాట్రిస్టులు రోజూ చేసే పనులే. అలా కలిపేటప్పుడు దేని తర్వాత ఏది, ఎందుకు, ఎంతకాలం అన్నవి ముందే తేల్చుకుంటారు. నిద్రమాత్రగా వాడే బెంజోడయజిపీన్ ఉంటే షాకు సరిగా పనిచేయకపోవచ్చు. లిథియం వేసుకుంటూ షాకు తీసుకుంటే కొందరికి మతిభ్రమ కలగవచ్చు. తలలో లోహపు క్లిప్పు ఉన్నవారికి టీఎంఎస్ కుదరదు. మందులకు లొంగలేదనుకున్న డిప్రెషన్ నిజానికి గుర్తించని బైపోలార్ వ్యాధో, థైరాయిడ్ లోపమో అయితే ఈ మూడింటినీ కలిపినా అసలు జబ్బు అలాగే మిగిలిపోతుంది. రెండు రకాల మందులు తగిన మోతాదులో, తగినంత కాలం వాడినా తగ్గనప్పుడు, ఏళ్ల తరబడి మాత్రలు మార్చుకుంటూ కూర్చోక తర్వాతి చికిత్స గురించి డాక్టరును గట్టిగా అడగమని సందేశంలో ఎక్కడో ఒక వాక్యం ఉంది. దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఎందుకంటే మన దగ్గర ఆ అడుగు వేయడంలో జరుగుతున్న ఆలస్యం చాలా ఎక్కువ.

ఈ సందేశం చదివి ఎవరైనా ఇప్పటికే మాత్రలు ఆపివేసి ఉంటే, వాటిని రాసిచ్చిన డాక్టరుకు ఈ రోజే ఫోన్ చేసి ఏ రోజు నుంచి ఆపారో చెప్పండి. పాత మోతాదుతో మీ అంతట మీరే మళ్లీ మొదలుపెట్టకండి. డాక్టరు దొరకకపోతే, లేదా చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఈ సందేశాన్ని గ్రూపుల్లో పెట్టినవారు, దాన్ని తొలగించి, మాత్రలు ఆపవద్దని అదే గ్రూపులో ఒక్క వాక్యం రాయండి.