కళ్లతో చూసింది గీస్తే తప్పంట!

మా అమ్మాయి ఇప్పుడే స్కూలు నుంచి వచ్చి, బ్యాగు ఓ మూల పడేసి, రికార్డు ముందేసుకుని కూర్చుంది. రాయడానికి కాదండీ, చెరపడానికి. పొద్దున కెమిస్ట్రీ, మధ్యాహ్నం బయాలజీ. రెండు చోట్లా అది చేసిన నేరం ఒక్కటే, కళ్లు తెరుచుకుని చూడటం.

పొద్దున టైట్రేషన్, అంటే ఆమ్లంలో క్షారం చుక్కచుక్కగా కలుపుతూ ఎంత పడితే సరిపోతుందో కొలవడం. ఫ్లాస్కులో ఆమ్లం, రంగు మారి సంగతి చెప్పడానికి రెండు చుక్కల ఫినాఫ్తలీన్, పైన కొలత గీతలున్న గాజు గొట్టం, అదే బ్యూరెట్‌లో, సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం. లేత గులాబీ రంగు నిలవగానే ఆపేయాలి. దీని చెయ్యి కాస్త జారింది, రంగు ముదిరింది, రీడింగు 18.9 మిల్లీలీటర్లు వచ్చింది. పోనీ మళ్లీ చేయించొచ్చుగా? రీడింగులు కలిసేదాకా చేయడమేగా అసలు ప్రయోగం! అబ్బే. బోర్డు మీద 18.4 ఉంది, అదే వేసుకోమన్నారట. క్లాసంతా 18.4. ఆహా, ఏం చేతులండీ, ఒక్కడికీ ఒక్క చుక్క తేడా రాలేదు!

సరే, అది వదిలేద్దును. మధ్యాహ్నం సంగతి వింటే మాత్రం ఒళ్లు మండింది.

ఉల్లిపొర స్లైడు. అయోడిన్ వేసి కవర్ స్లిప్‌ని సూదితో ఏటవాలుగా మెల్లగా దించాలి. ఇది గబుక్కున వదిలేసింది, గాలి దూరింది. మైక్రోస్కోపులో ఇటుకల్లాంటి కణాల మధ్య నల్లటి మందపాటి అంచుతో గుండ్రంగా ఒకటి. దాన్నీ గీసి, గీత లాగి, ‘గాలి బుడగ’ అని రాసింది నా బంగారుతల్లి. దాని మీద అడ్డంగా ఎర్ర ఇంకు: ‘పుస్తకంలో ఉన్నట్టు గీయుము. మైటోకాండ్రియా ఎక్కడ?’

మైటోకాండ్రియా! అయోడిన్ వేసిన ఉల్లిపొరలో, స్కూలు మైక్రోస్కోపులో! కణకవచం, కేంద్రకం కనిపిస్తేనే గొప్ప. ‘కణ శక్తి భాండాగారాలు’ అని అన్నిసార్లు వల్లె వేయించారుగా, భక్తికి మెచ్చి దర్శనమిస్తాయనుకున్నారేమో.

1665లో రాబర్ట్ హుక్ అనే శాస్త్రవేత్త మైక్రోస్కోపు కింద చెట్టు బెరడు ముక్కలో ఖాళీ గదులు చూశాడు, ఖాళీ గదులే గీశాడు. మన స్కూల్లో రికార్డు దిద్దించుకోలేదు కాబట్టి బతికిపోయాడు. ‘కేంద్రకం ఏది?’ అని మార్కులు కోసేవాళ్లు. దానికి ఆ పేరు పెట్టిందే 1831లో, రాబర్ట్ బ్రౌన్.

‘టీచర్లకి ఎంత పనో తెలుసా’ అని పాఠం మొదలెట్టకండి, తెలుసు. ఎర్ర ఇంకుతో అంత వాక్యం రాసే తీరిక ఉన్నవాళ్లకి ఒక్కసారి ఆ మైక్రోస్కోపులోకి తొంగి చూసే తీరిక లేదా అని అడుగుతున్నా.

నాకింత మంట ఎందుకంటే, ఇదే తొమ్మిదో తరగతిలో నాకూ జరిగింది. పరీక్షనాళికలో కాపర్ సల్ఫేట్ వేడి చేస్తే నీలం పోయి తెల్లపొడి మిగిలింది, పైన గాజు గోడకి నీటి బొట్లు. ‘సార్, రంగెటు పోయింది?’ అన్నా. ‘పరీక్షలో వస్తదా ఇది? రాదుగా, కూర్చో’ అన్నారు. క్లాసంతా నవ్వింది. స్ఫటికంలో పట్టి ఉన్న ఐదు నీటి అణువులు పోయాయిరా, చుక్క నీళ్లు వెయ్యి, నీలం మళ్లీ వస్తుంది. చెప్పడానికి ఎంతసేపండీ, అర నిమిషం! ఆ బొట్లు నా కళ్ల ముందే ఉన్నాయి సార్, మీరు చూడలేదంతే. ఆ జవాబు నాకు దొరికింది పోయినేడు, మా అమ్మాయి పుస్తకంలో, పేజీ అడుగున చిన్న డబ్బాలో. ‘ఇది పరీక్షకి లేదు నాన్నా’ అంటూ అది పేజీ తిప్పేస్తుంటే చెయ్యి పెట్టి ఆపా.

ఇదిగో, బుడగ సగం చెరిగింది. ఇంకో రబ్బరుందా అని అడుగుతోంది.